తళ్ళికోట కాడ పండుకున్న ఫౌజు

తళ్ళికోట యుద్ధంల విజయనగరం ఓడిపోయిందని బడిల చదివిన. ఎట్ల ఓడిపోయిందో మాత్రం దుబాయ్‌ల తెలిసింది, ఎందుకంటే ఆ ఫౌజుల నేనున్న.

మూడేండ్ల కింద ఇక్కడి మనోళ్ల సంఘం వార్షికోత్సవానికి ఆ యుద్ధం నాటకమేసిండ్రు. సంఘం పెద్దసారే విజయనగరం ముసలి రాజు. పట్టుబట్టలు, కిరీటం, నల్లద్దాలు. రాజులకు నల్లద్దాలు ఉండయి సార్ అని బతిమాలితే అవి తీసిండు. సిపాయిలు కావాలంటే ఎవరు గుర్తొస్తరు? అల్ ఖూజ్ లేబర్ క్యాంపుల ఉండే మా అసొంటి కూలోళ్లు. మిగతా దినాలు మేము ఎదురొస్తే ఆ సంఘమోళ్లు పక్కకు జరుగుతరు. అసలు మేము గోల్కొండ దిక్కోళ్లం, ఆ యుద్ధంల గెల్సినోళ్ల పక్క. ఆ ముచ్చట ఎవడింటడు?

పైగా సారు కథ మార్చిండు. "ముఖ్య అతిథి ముందు మనం ఓడిపోతే ఏం బావుంటుందయ్యా? పడిపోయిన సైన్యం చివర్లో లేచి గెలవాలి" అన్నడు. నాకైతే మస్తు ఖుషీ. ఇంటికి ఫోన్ జేసి, "నేను లేసి కత్తి తిప్పేది లైవుల చూడు, బిడ్డకు చూపెట్టు" అని నా భార్యకు చెప్పిన. ఆమె లెక్కల నేను ఏసీ స్టోరుల కుర్సీ మీద కూసొని డ్యూటీ చేస్త. అట్లనే చెప్పిన మరి. వాళ్ల ముంగట ఒక్కసారన్నా గెల్సినోని లెక్క కనవడాలని నా ఆశ.

ఆ దినమే సైటుల స్లాబ్ పోసే పని పడ్డది. సగం ఫౌజును ఫోర్‌మన్ ఓవర్‌టైంకు ఆపిండు. పొద్దంతా ఎండల కాంక్రీటుతోని కొట్లాడిన మిగతోళ్లం బస్సు దిగి సీదా స్టేజీ ఎక్కినం. అట్టకత్తి గూడ బరువే అనిపిచ్చింది. సుల్తాను మనిషి ఒక్కటి ఏసెతల్కి అందరం దబ్బున పడ్డం.

కింద మెత్తటి కార్పెట్. మీద సల్లటి ఏసీ. అబ్బ!

"లేవండి వీరులారా!" అని రాజు అరిచిండట. ఒక్కడు గూడ లేవలే. "లేవండయ్యా, గెలవాలి!" అని మైకుల బతిమాలిండట. గురక ఇనొచ్చిందట. ముఖ్య అతిథి పడీపడీ నవ్విండట. నాలుగొందల యాభై ఏండ్ల కిందటి ఓటమిని రద్దు చేద్దామనుకున్న మొనగాడు, పాపం, తానే పరదా దించమన్నడట.

మమ్ముల తిట్టుకుంటనే బిర్యానీ పొట్లాలిచ్చి ఎనక దర్వాజ నుంచి బస్సెక్కిచ్చిండ్రు. ఖలాస్. అప్పుడే నా భార్య ఫోన్. నవ్వుతదనుకున్న.

"గట్ల పడి పండుకున్నవేంది?" అన్నది.

"నాటకం గదనే" అన్న.



"గురక గూడ నాటకమేనా?" అన్నది.