పదమూడు కంచాల మిషను

మా ఇంట్లో ఏళ్ల తరబడి పని చేసిన ఆమె కిందటి వేసవిలో కువైట్ వెళ్లిపోయింది. కూతుర్ని నర్సింగు చదివించాలని ఎవరికీ చెప్పకుండా ఏజెంటు చుట్టూ తిరిగిందట. వీసా వచ్చాక కూడా నాకు చెప్పలేక నలిగిపోయి, చివరికి ఒక ఉదయం సింకు దగ్గర గిన్నెలు తోముతూ, నా మొహం చూడకుండా చెప్పింది.

"పైవారం ఎల్తన్నానండి అమ్మగారూ. ఇంకో మనిషిని చూసుకోండి."

నేను పాలకొల్లులో బీమా ఆఫీసులో పని చేస్తాను. పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయాక అపార్ట్‌మెంటులో నేనొక్కదాన్నే. పొద్దున్నే ఆమె పని చేస్తూ వాళ్ల వీధి కబుర్లన్నీ చెప్పేది. నేను చీర కట్టుకుంటూ, టిఫిను బాక్సు సర్దుకుంటూ ఊ కొట్టేదాన్ని. ఆ తర్వాత రోజంతా ఎవరు నాతో మాట్లాడినా ప్రీమియం గురించే.

మరో మనిషి కుదరలేదు. కుదిరినా నిలవలేదు. డిష్‌వాషర్ కొందామని షాపుకి వెళ్లి అడిగితే నలభై ఐదు వేలన్నాడు. ఇది న్యాయమైన ధరేనా అనిపించి, జర్మనీలో ఉంటున్న మా పెదనాన్నగారి అమ్మాయికి మెసేజి పెట్టాను. పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప మా మధ్య మాటలు లేక చాలా కాలమైంది. అక్క వెంటనే ఫోనే చేసింది.

"ఏంటే, డిష్‌వాషర్ కొంటున్నావా? మాది ఐదొందల యూరోలు పడింది."

"అంటే యాభై వేలు. మా ఊళ్లోనే చవకన్నమాట."

"అలా చూస్తే ఎలాగే? ఇక్కడ మనిషిని పెట్టుకుంటే గంటకి పదిహేను యూరోలు ఇవ్వాలి. రోజూ పెట్టుకుంటే రెండు నెలలు తిరక్కుండా మిషను ఖరీదు అయిపోతుంది. నువ్వు మీ పనమ్మాయికి నెలకెంత ఇచ్చేదానివి?"

"గిన్నెలకి పదిహేను వందలు."

"చూశావా! ఆ నలభై ఐదు వేలకి నీకు రెండేళ్లు దాటి మనిషి వచ్చేది."

మాట అక్కడ ఆగలేదు. బావగారి షుగరు, అక్కడ దొరకని గోంగూర, చిన్నప్పుడు మేమిద్దరం పెరట్లో ఒకే గిన్నెను బూడిదతో తోముతూ కొట్టుకోవడం, అన్నీ వచ్చాయి. ఫోను పెట్టేసేసరికి కుక్కరు చల్లారిపోయింది.

మర్నాడు దుబాయిలో ఉన్న నా డిగ్రీ స్నేహితురాలిని అడిగాను. తను ఏకంగా షాపులోంచి వీడియో కాల్ చేసి, వరసగా మిషన్లన్నీ చూపించింది. పదిహేను వందల దిర్హాములట. మన డబ్బుల్లో ముప్ఫై ఐదు, ముప్ఫై ఆరు వేలు. "మా ఫ్లాట్లో ముందే బిగించి ఇచ్చారే. నేనందులో పప్పుల డబ్బాలు పెట్టుకున్నాను," అంది. ఇద్దరం కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నాం.

అక్కణ్నించి తెప్పించుకుంటే రవాణా, సుంకం, పాడైతే బాగుచేసే దిక్కులేకపోవడం. ఇక్కడ కొనడమే మేలని నాకు త్వరగానే తేలిపోయింది. అయినా అడుగుతూనే ఉన్నాను. మీ నీళ్లలో ఉప్పెంత? కరెంటు ఎంత కాలుతుంది? ఇత్తడి గిన్నెలు పెట్టొచ్చా? చివరికి అక్కే అంది: "ఇంకా కొనలేదా నువ్వు? ఏదో ఒకటి తీసేసుకోవే బాబూ." ఆ గొంతులో విసుగు విన్నాక, ఆ వారమే కొనేశాను.

బిగించడానికి వచ్చినాయన ఓపిగ్గా అన్నీ చెప్పాడు. "పదమూడు మంది భోంచేసిన కంచాలు ఒకేసారి పడతాయండి. నిండాకే వెయ్యండి మేడం, లేకపోతే నీళ్లూ కరెంటూ దండగ. ఇంట్లో ఎంతమందుంటారండి?"

"నలుగురం," అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు.

నా ఒక్కదాని గిన్నెలతో అది నిండాలంటే వారం దగ్గర పడుతుంది. ఈలోగా చారు ఎండి అట్టకడుతుంది, తలుపు తీస్తే వాసన. అందుకని ముందు చేత్తో కడిగి, తర్వాత అందులో పెట్టడం అలవాటైంది. కొన్నానని ఇద్దరికీ ఫొటో పంపాను. ఇద్దరూ బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టారు. ఆ తర్వాత ఫోన్లు లేవు. చెయ్యడానికి నా దగ్గరా సాకు లేదు.

ఒక శుక్రవారం కువైట్ నుంచి ఫోను వచ్చింది.

"మనిషి దొరికిందా అమ్మగారూ?"

"లేదే, మిషను కొన్నాను."

"ఇక్కడా ఉందండి, ఇంత పెద్దది. మా మేడం ముట్టుకోనివ్వదండి. మనిషుండగా మిషనెందుకంటాది."

"అక్కడ దాని ఖరీదెంతో కనుక్కో," అన్నాను, మళ్లీ చేస్తుందని.

తర్వాతి శుక్రవారం చెయ్యలేదు. పై శుక్రవారం చేసింది. "డ్రైవరునడిగానండి. నూట యాభై దినార్లంట. నాకు నెలన్నర జీతమండి."

రూపాయల్లోకి మార్చి చూడబుద్ధి కాలేదు. "చేతులెలా ఉన్నాయే?" అన్నాను.

"బానే ఉన్నాయండి. సబ్బు కొంచెం ఘాటు." ఆగి, "ఏం వండుకున్నారు?" అంది.

చెప్పేలోగా వెనకనుంచి ఎవరో అరబ్బీలో గట్టిగా పిలిచారు. "ఉంటానండి," అని పెట్టేసింది.

అరటికాయ వేపుడు. మళ్లీ చేస్తే చెబుదామనుకుని, కంచంలో అన్నం పెట్టుకున్నాను.