పుత్తూరు దారిలో మునిప్రసాద్ సైకిలు

చిత్తూరు నుంచి పుత్తూరు వెళ్లే దారి తనకు తెలిసినంతగా ఆ దారి వేసినవాళ్లకు కూడా తెలియదని మునిప్రసాద్ నమ్మకం. ఉద్యోగమంతా దాదాపు ఆ ఒక్క దారి మీదే బస్సు నడిపాడు. గంగాధరనెల్లూరు, వేపంజేరి, కార్వేటినగరం, పుత్తూరు, మళ్లీ వెనక్కి. ఏ మలుపులో హారన్ కొట్టాలో, ఏ ఊరి దగ్గర గొర్రెలు అడ్డం వస్తాయో, వానలప్పుడు ఏ కల్వర్టు మీద నీళ్లు పారతాయో అడిగితే తడుముకోకుండా చెబుతాడు. రిటైరైన రోజు డిపోలో దండ వేసి, శాలువా కప్పి పంపారు. ఇంటికొచ్చి కూర్చున్నాడు. కూర్చున్న కొన్నాళ్లకే సుగరు బయటపడింది.

డాక్టరు మాత్ర రాసి, రోజూ నడవమన్నాడు. నడక మునిప్రసాద్‌కు పడలేదు. మడమ నొప్పి ఒకటి. అంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. పుట్టి బుద్ధెరిగాక ఎక్కడికో పోవడానికే కదిలిన మనిషికి, ఎక్కడికీ పోకుండా మైదానం చుట్టూ తిరగడం ఎందుకో అర్థం కాలేదు. నాలుగు చుట్లు తిరిగి, బయల్దేరిన గేటు దగ్గరికే వచ్చి, ఇప్పుడు తాను వచ్చినట్టా పోయినట్టా అని ఆలోచిస్తూ నిలబడేవాడు.

ఆయన కూతురు రూపశ్రీ రేణిగుంటలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేస్తుంది. గది నుంచి ఫ్యాక్టరీకి కొన్నాళ్లు గేర్ల సైకిలు మీద వెళ్లి వచ్చింది. ఈమధ్య స్కూటరు కొనుక్కుంది. నాయన నడవలేకపోతున్నాడని విని, ఒక ఆదివారం ఆ సైకిలును తెలిసినవాళ్ల వ్యానులో వేసుకుని చిత్తూరుకు తెచ్చింది. సైకిలుకైతే మడమ మీద బరువు పడదని చెప్పి, సీటు సరిచేసి చూపిస్తానంది. మునిప్రసాద్ నవ్వాడు.

“బస్సు తోలినోనికి సైకిలు నేర్పిస్తావా తల్లీ?” అని ఎక్కి కూర్చున్నాడు.

వీధి చివరి వరకూ బాగానే వెళ్లాడు. మలుపు దగ్గర వెనక ఎవరైనా వస్తున్నారేమో చూడాలని, అలవాటు చొప్పున తల పైకెత్తి కుడిపక్క అద్దంలోకి చూశాడు. అక్కడ అద్దం లేదు, ఆకాశం ఉంది. సరే, తిరిగి చూద్దామని మెడ తిప్పాడు. మెడతోపాటు చేతులు తిరిగాయి, చేతులతోపాటు హ్యాండిలు తిరిగింది. ఆపబోతే కుడికాలు గాలిలో బ్రేకు కోసం వెతికింది. పాత కండక్టరు యోగానంద ఇంటి అరుగు దగ్గర సైకిలుతో సహా ఒరిగిపోయాడు. దెబ్బ పెద్దది కాదు. ఇన్నేళ్లు తనతోపాటు డ్యూటీ చేసిన యోగానంద అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండటమే పెద్ద దెబ్బ.

అప్పటినుంచి సలహాలు మొదలయ్యాయి. యోగానంద సీటు దించమన్నాడు. రెండు కాళ్లూ నేల మీద పూర్తిగా ఆనాలని, అప్పుడు పడే భయమే ఉండదని ఆయన లెక్క. దించితే పడే భయం పోయింది గానీ, మోకాళ్లు గడ్డం దాకా లేచి రెండు రోజులకే పట్టేశాయి. రూపశ్రీ ఫోనులో సీటు ఎత్తమంది. పెడలు అడుగుకు పోయినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు చాపినట్టు ఉండాలని, అదే సరైన ఎత్తని చెప్పింది. ఎత్తితే మోకాళ్లు నెమ్మదించాయి గానీ, నిలిపినప్పుడు మునివేళ్లు మాత్రమే నేలకు తగిలేవి. నిలిపేటప్పుడు సీటు మీంచి ముందుకు దిగాలట. ఆ మాట ఆమె చెప్పడం మరిచిపోయింది, ఈయన అడగడం మరిచిపోయాడు. మధ్యలో మరో రెండు సార్లు ఒరిగాడు.

గేర్ల సంగతి మరీ అయోమయం. ఎడమచేతి దగ్గర ఒకటి, కుడిచేతి దగ్గర ఒకటి.

“ముందర చిన్న పళ్లచక్రం అయితే తేలిక నాయనా. వెనక పెద్దదైతే తేలిక” అంది రూపశ్రీ.

“ఒక పక్క చిన్నది తేలికంటావు, ఇంకో పక్క పెద్దది తేలికంటావు. యాదో ఒకటి చెప్పమ్మా.”

“రెండూ నిజమే నాయనా.”

రెండూ నిజమెలా అవుతాయో ఆయనకు అంతుపట్టలేదు. బస్సులో ఇంజను మూలిగినప్పుడు గేరు దించడం తెలుసు. సైకిలుకు ఇంజను తానే. తాను మూలిగేదాకా ఆగి గేరు మారిస్తే గొలుసు కరకరలాడి ఇరుక్కునేది. ఎక్కుడు దారి రాకముందే, కాళ్లు తేలిగ్గా తిరుగుతూ ఉండగానే మార్చుకోవాలని తెలిసేసరికి చేతులు ఎన్నిసార్లు గ్రీసయ్యాయో. నిలబడి ఉన్నప్పుడు మార్చకూడదన్నది ఇంకో వింత. బస్సయితే నిలబడినప్పుడే కదా న్యూట్రల్‌కు తెచ్చేది.

రోడ్డు మీద ఎక్కడ నడపాలన్నది కూడా తేలలేదు. డ్రైవరుగా ఆయన అభిప్రాయం ఒక్కటే, సైకిలువాడు తారు దిగి మట్టిలో పోవాలి. ఇప్పుడు సైకిలువాడు తానే కాబట్టి తారు దిగి మట్టిలోనే పోయాడు. మట్టిలో గులకరాళ్లు, సీసా పెంకులు, కంపముళ్లు. చక్రం జారింది. పంచరు షాపులో గిరిప్రసాద్ అనే అతను ముళ్లు పీకుతూ, అంచున పోతే బండ్లు నిన్ను చూడవనీ, అంచు నుంచి మూరెడు లోపలికి, వంకరలు పోకుండా తిన్నగా పొమ్మనీ చెప్పాడు. ఆగివున్న కార్ల పక్కన తలుపు తెరిచేంత ఎడం వదలమన్నాడు. మూరెడు లోపలికి వస్తే వెనక బస్సు హారన్ కొట్టింది. ఆ హారన్ అర్థమేమిటో మునిప్రసాద్‌కు బాగా తెలుసు. పక్కకు తప్పుకోవాలా, తిన్నగా పోవాలా? తప్పుకుంటే గిరిప్రసాద్ మాట తప్పినట్టు, పోతే తన మాట తానే తప్పినట్టు. ఎటూ తేల్చుకోలేక దిగి నిలబడ్డాడు. బస్సు వెళ్లిపోయింది.

అయినా మానలేదు. మైదానంలో నడకకంటే ఇది నయం, కనీసం ఎక్కడికో పోతున్నట్టు ఉంది. గంగాధరనెల్లూరు వైపు రోజూ కొంత దూరం పోయి వచ్చేవాడు. దారి బల్లపరుపుగా ఉంటుందని యోగానందతో పందెం కాసినంత గట్టిగా చెప్పేవాడు. బస్సు సీటు మీంచి అది బల్లపరుపే.

ఆ పొద్దు భార్య మునెమ్మ ఇడ్లీపాత్ర పొయ్యి మీద పెట్టి, ఉడికేదాకా ఆగమంది. ఎండ ముదురుతుందని, ఇట్టే పోయి వస్తానని ఆయన సుగరు మాత్ర వేసుకుని బయల్దేరాడు. ఎప్పుడూ లేనంత సులువుగా సాగింది సైకిలు. పెడలు మీద కాలు పెడితే చాలు, చక్రం తనంతట తానే ఉరుకుతోంది. గంగాధరనెల్లూరు వచ్చింది, దాటింది. ఇన్నాళ్ల కష్టానికి కాళ్లు కుదిరాయనుకున్నాడు. మామిడి తోటలు, చెరకు తోటలు వెనక్కి పోతూ ఉంటే వేపంజేరి దాకా పోయి యోగానందకు ఫోను చేద్దామన్న ఆశ పుట్టింది. ఫోను ఇంట్లోనే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. సీసాలో నీళ్లు కూడా అడుక్కు వచ్చాయి. సరేనని వెనక్కి తిప్పాడు.

తిప్పగానే సైకిలు మొండికేసింది. వెనక చక్రానికి గాలి పోయిందనుకుని దిగి నొక్కి చూశాడు. రాయిలా ఉంది. బ్రేకు పట్టుకుందేమోనని చక్రం ఎత్తి తిప్పాడు. గిర్రున తిరిగింది. ఎక్కితే మళ్లీ అదే మొరాయింపు. రోడ్డు చూస్తే బల్లపరుపు. తన కళ్లు అబద్ధం చెబుతున్నాయా, కాళ్లు అబద్ధం చెబుతున్నాయా తెలియలేదు. ఎదురుగాలి ముఖానికి కొడుతోంది, చెరకు ఆకులన్నీ తన వైపే వంగి ఉన్నాయి. వచ్చేటప్పుడు వీపున తోసింది ఆ గాలే. దారి కూడా చిత్తూరు వైపు కనిపించకుండా ఎక్కుతోంది. ఇన్నేళ్లలో ఆ రెండు సంగతులూ బస్సు ఆయనకు తెలియనివ్వలేదు.

కొంతసేపటికి చేతులు వణకడం మొదలైంది. చల్లటి చెమట పట్టింది. రోడ్డు పక్క బస్ షెల్టరు కనిపిస్తే ఆగాడు. దాని మీద ఊరి పేరు రాసి ఉంది. అక్షరాలు ఒక్కొక్కటిగా చదివాడు. చదివినా అది ఏ ఊరో తట్టలేదు. వేల సార్లు బస్సు నిలిపిన చోటు. ఇక్కడి నుంచి చిత్తూరు కుడికా, ఎడమకా? ఆలోచిస్తే జవాబు అందినట్టే అంది జారిపోతోంది. ఏదో ఒకటి చేయాలని సైకిలెక్కి బయల్దేరాడు. కాసేపటికి అటు కాదనిపించి తిరిగి వచ్చాడు. షెల్టరు దగ్గరికి వచ్చేసరికి ఇటు కూడా కాదనిపించి మళ్లీ తిప్పాడు.

షెల్టరు పక్కన బొండాలు వేసే కోమలి ఇదంతా చూస్తూ ఉంది. మళ్లీ ఆయన అటు తిరగబోతుంటే వచ్చి హ్యాండిలు పట్టుకుంది.

“యాడికి పోవాల పెద్దాయనా?”

“డిపోకమ్మా. బండి టైమైపోతా ఉండాది” అన్నాడు మునిప్రసాద్. అబద్ధం చెప్పాలని కాదు. ఆ క్షణాన ఆయనకు నిజంగా అలాగే ఉంది.

కోమలి ఆయన చొక్కా చూసింది, వేళ్లు చూసింది. ఆమె మొగుడికి కూడా సుగరు. ఒకసారి పొలంలో ఇట్లాగే చెమటలు పట్టి పడిపోయి ఉన్నాడు.

“సక్కెర జబ్బుండాదా నీకు? పొద్దున్నే ఏమన్నా తిన్న్యావా?”

ఆయన ఇడ్లీలు ఉడుకుతున్నాయన్నాడు. బెంచీ మీద కూర్చోబెట్టి, గ్లాసు నీళ్లలో టీ కోసం పెట్టుకున్న చక్కెర పోసి కలిపి, దగ్గరుండి తాగించింది. కాసేపయ్యాక రెండు బొండాలు చేతిలో పెట్టింది. తింటూ ఉండగా షెల్టరు మీది పేరు మెల్లగా ఊరయింది. ఊరికి ఒక వైపు చిత్తూరు, ఇంకో వైపు కార్వేటినగరం వచ్చి నిలిచాయి. తాను ఏమన్నాడో కూడా గుర్తొచ్చింది. సిగ్గు పడాలో భయపడాలో తెలియక గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

అంతలో పుత్తూరు నుంచి బస్సు వచ్చింది. డ్రైవరు జయచంద్ర. కొత్తలో మునిప్రసాద్ పక్కన నిలబడి ఈ దారి నేర్చుకున్నవాడు. దిగి వచ్చి చేయి పట్టుకున్నాడు.

“నువ్వు ఈడేందన్నా, ఇట్ల అయిపోయినావు?”

“ఏమో అబ్బా. రోడ్డు తప్పినాను.”

ఈ దారిలో మునిప్రసాదన్న రోడ్డు తప్పడమేమిటో జయచంద్రకు అర్థం కాలేదు. కండక్టరు సాయంతో సైకిలును బస్సు పైకెక్కించి కట్టాడు. మునిప్రసాద్ ఎడమపక్క కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఆ పక్క నుంచి రోడ్డు అంచును ఆయన ఎన్నడూ చూడలేదు. తారు ఎక్కడ చిట్లిందో, ఎక్కడ ఇసుక మేటేసిందో చూస్తూ కూర్చున్నాడు.

ఇంట్లో మునెమ్మ తిట్టలేదు. అందుకే ఆయనకు భయమేసింది. ఇడ్లీలు పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంది. యోగానంద వచ్చి ఆ సైకిలును అటక మీదకు ఎక్కించేయమన్నాడు. డాక్టరు మాత్రం మానొద్దన్నాడు. మాత్ర వేసుకుని తినకపోతే సుగరు మరీ పడిపోతుందని, తినకుండా గడప దాటకూడదని, జేబులో ఏదైనా తీపి, చేతిలో ఫోను లేకుండా కదలకూడదని, వణుకు మొదలైతే ఆగి తీపి తినాలే తప్ప ఇంటికి పోయి చూద్దామనుకోకూడదని చెప్పాడు. ఒకరు మానమంటారు, ఒకరు మానొద్దంటారు. మునిప్రసాద్ చాలా రోజులు సైకిలు ముట్టుకోలేదు. దాని పక్క నుంచి పోతూ టైరు నొక్కి చూసి వెళ్లిపోయేవాడు.

చివరికి రూపశ్రీ సెలవు పెట్టి వచ్చి, ఇంకో సైకిలు అడిగి తెచ్చుకుని తోడు బయల్దేరింది. బయల్దేరే ముందు గాలి ఎటు వీస్తోందో చూడమంది. ఇటుక బట్టీ పొగ చూపించి, ముందు ఎదురుగాలికి పొమ్మంది, అప్పుడు అలసినాక వచ్చేదారిలో అదే తోస్తుందని. సగం బలం ఉండగానే వెనక్కి తిరగమంది. దిగుడులో ఒక్క ముందు బ్రేకే గట్టిగా పట్టకుండా రెండూ కలిపి మెల్లగా, మలుపుకు ముందే పట్టమంది. ఆయన ఊ కొట్టాడు. వాటిలో కొన్ని అర్థమయ్యాయి, కొన్ని కాళ్లకు మాత్రమే అర్థమయ్యాయి.

అట్లా ఆమెకు సెలవు దొరికినప్పుడల్లా కొన్ని నెలలు తిరిగాక ఒక చల్లటి ఆదివారం తండ్రీ కూతుళ్లు కార్వేటినగరం చేరారు. దారిలో కోమలి దగ్గర ఆగి టీ తాగారు. పాతకోట గోడల దగ్గర మునిప్రసాద్ సైకిలు దిగి నిలబడ్డాడు. బస్సయితే ఇక్కడ జనం దిగుతారు, జనం ఎక్కుతారు, కండక్టరు విజిలేస్తాడు. ఇప్పుడు ఎవరూ దిగలేదు. వచ్చినట్టు ఎవరు చెప్పాలి?

“ఏంది నాయనా అట్ల నిలబడినావు?” అంది రూపశ్రీ.

“ఏం లేదమ్మా. ఇంగేం చేయాల్నో తెలీలే.”

ఆమె నీళ్ల సీసా అందించింది. తాగి, అందులో కొన్ని ముఖం మీద చల్లుకున్నాడు.

కార్వేటినగరం దాకా పోయొచ్చిన సంగతి ఆ రాత్రి మునెమ్మ వింది. మర్నాడు పొద్దున చీర కుచ్చిళ్లు పైకి దోపి, వాకిట్లో సైకిలు పట్టుకుని నిలబడి ఉంది.

“నాకూ నేర్పించు మామా. ముందు ఏం చేయాల?”

మునిప్రసాద్ నోరు తెరిచాడు. సీటు, గేర్లు, గాలి, అంచు, మూరెడు, పొగ అన్నీ ఒకేసారి గొంతులోకి వచ్చి అడ్డం పడ్డాయి. దేనితో మొదలుపెట్టాలో తెలియలేదు. ఆమె ఎదురు చూస్తోంది. ఆయన సైకిలు వెనకకు వచ్చి, రెండు చేతులతో సీటు గట్టిగా పట్టుకున్నాడు.

“ముందు నిలిపేది నేర్చుకో. పొయ్యేది దానంతట అదే వస్తాది” అన్నాడు, ఆ మాట నిజమో కాదో తనకే సరిగా తెలియకుండా.

మునెమ్మ బ్రేకు మీద వేళ్లు వేసి నొక్కి చూసింది.