ఇంక అబద్ధం చెప్పను

తిరుత్తణిలో బస్సెక్కి నా ముందు సీట్లో కూర్చున్న అతని ముంజేయంతా బొబ్బలు. పక్కనున్న ముసలామె అడిగింది: "చేతికేమైంది నాయనా?"

"నా పెండ్లాము కాగే నీళ్లు పోసింది అవ్వా."

నేను పుసుక్కున నవ్వాను. అతను వెనక్కి తిరిగాడు.

"నవ్వుకో అన్నా. ఈ నవ్వుకు భయపడే ఇన్నేండ్లూ మగ్గం తగిలిందనీ, జారి పడినాననీ అబద్ధాలు చెప్పినా. ఇంక చెప్పను."

ఇంతలో అతని ఫోన్ మోగింది. "ఇంటికి రాను. నువ్వు కొట్టిందంతా స్టేషన్లో చెప్తా" అని బస్సంతా వినబడేలా చెప్పి పెట్టేశాడు.

తిరువళ్లూరులో దిగగానే నాకు అడ్డంగా నిలబడ్డాడు.

"పోలీస్ స్టేషన్ యాడుంది? నవ్వినావు గదా, నువ్వే చూపించు."

గేటు దగ్గర వదిలి రాలేకపోయాను. అతనితోపాటు లోపలికి వెళ్లాను.