సుభద్ర టీచర్ గారి హై, లో

ఆంప్లిఫైయర్‌లో గిటార్ జాక్ గుచ్చగానే "టప్"మని ఒక చప్పుడు వస్తుంది. ఆ వెనకే సన్నటి హోరు. రాజమండ్రిలో నేను గిటార్ నేర్పే గదిలో రోజూ వినే చప్పుడే, అయినా విన్న ప్రతిసారీ నా వీపు దానంతటదే నిటారుగా అయిపోతుంది. వెనక ఎవరో నిలబడి, "వంగిపోకే అమ్మాయ్, అది గిటారా, నీళ్ల బిందెనా?" అన్నట్టే ఉంటుంది. ఆ మాట సుభద్ర టీచర్ గారిది. ఆవిడ ఇప్పుడు లేరు. గొంతు మాత్రం ఎక్కడికీ పోలేదు.

టీచర్ గారు ఆడపిల్లల హైస్కూల్లో సంగీతం చెప్పి రిటైరై, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఆర్కెస్ట్రా పెట్టిన మనిషి. తొంభైల చివరి మాట. పెళ్లిళ్లకీ, వినాయక చవితి పందిళ్లకీ మా వ్యాన్ బయల్దేరితే ముందు సీట్లో నేత చీర కట్టుకుని, ఒళ్లో ఫ్లాస్కు పెట్టుకుని ఆవిడ. స్టేజీ మీద హార్మోనియం వాయిస్తూనే కనుబొమ్మలతో మా అందర్నీ నడిపేవారు. తాళం తప్పితే ఒక కనుబొమ్మ లేచేది, శ్రుతి తప్పితే రెండూ లేచేవి. డిగ్రీ చదువుతూ నేను ఆవిడ దగ్గర రెండో గిటార్‌గా చేరాను. మాది ఆత్రేయపురం పక్కన వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఆడపిల్లకి గిటారేంటని చుట్టాలంతా బుగ్గలు నొక్కుకున్నారు. అమ్మ ఒక్కతే నాన్నని ఎలా ఒప్పించిందో ఒప్పించింది.

మా బృందంలో గిటార్లకి ఒకటే ఆంప్లిఫైయర్. జాక్ పెట్టుకోడానికి దానికి రెండు కంతలు. ఒకదాని మీద హై అని, ఇంకోదాని మీద లో అని రాసి ఉండేది. హై సీనియర్‌ది, లో జూనియర్‌ది. వ్యాన్‌లో కిటికీ సీటు పెద్దవాళ్లకి వదిలేసినట్టే ఇదీ ఒక మర్యాద అనుకున్నాం అందరం, టీచర్ గారితో సహా. కాబట్టి హై మా లీడ్ గిటార్ శేఖర్ గారిది. ఆయన దగ్గర ఊదా రంగులో తళతళలాడే ఎలక్ట్రిక్ గిటారుండేది. నాది మామూలు చెక్క గిటార్, దాని పొట్టకి అంటించిన, తీగల చప్పుడు అందుకునే బుల్లి పికప్. నేనెంత వాయించినా నా చెవికే వినపడేది కాదు. శేఖర్ గారిదేమో అరిచి అరిచి పగిలిపోయేది.

ఒకసారి రావులపాలెంలో ప్రోగ్రాం చూడ్డానికి అమ్మ వచ్చింది. అంతా అయ్యాక నన్ను పక్కకి లాగి, "ఏమే బుజ్జీ, నువ్వెప్పుడు వాయించావే?" అంది.

"అదేంటమ్మా! మొదట్నించీ వాయిస్తూనే ఉన్నాగా!"

"అలాగా? చీర మాత్రం బాగుందే."

పాపం, నన్ను సంతోషపెట్టడానికే అంది. వ్యాన్ వెనక సీట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ ఏడు చవితికి ముందు టీచర్ గారు నన్ను వంటింట్లోకి పిలిచారు. "చూడమ్మాయ్, నిడదవోలు పందిరంటే పెద్ద ప్రోగ్రాం. అక్కడ కూడా నీ వాయింపు వినపడకపోతే రెండో గిటార్ ఎందుకు చెప్పు? కీబోర్డ్‌తో సరిపెట్టుకుంటాం." కోపంగా అన్లేదు, కాఫీ కలుపుతూ మామూలుగా అన్నారు. అందుకే నాకు ఇంకా భయమేసింది. ఆవిడ వద్దంటే నా గిటార్ మా ఇంట్లో అటకెక్కినట్టే.

ఇక రిహార్సల్స్‌లో తీగల మీద పగబట్టినట్టు వాయించాను. వేళ్లు బొబ్బలెక్కాయి. ఒక తీగ తెగింది. కొత్తది బిగిస్తుంటే టీచర్ గారు హార్మోనియం ఆపేశారు.

"దాన్నెందుకే అలా చంపుతావ్? శేఖర్, ఆ పిల్ల గిటార్ నువ్వు తీసుకుని అదే లోలో వాయించు."

శేఖర్ గారు వాయించారు. అంత చెయ్యి తిరిగిన మనిషి వాయించినా దోమ మూలిగినట్టే ఉంది. టీచర్ గారి కనుబొమ్మలు రెండూ లేచాయి. "అయితే తప్పు చేతిలో లేదన్నమాట" అంటూ లేచొచ్చి, ఆ జాక్ పీకి హైలో పెట్టారు. అబ్బ! నా గిటార్ నోరు విప్పింది. గోడనున్న క్యాలెండర్ కూడా అదిరింది. తర్వాత శేఖర్ గారి గిటార్‌ని లోలో పెట్టించారు. ఆ పగులంతా పోయి ఒక్కో స్వరం తేటగా వచ్చింది.

ఆయన మొహం మాత్రం మాడిపోయింది. "నన్ను లోలో వాయించమంటారా టీచర్ గారూ? నిన్న గాక మొన్న వచ్చిన పిల్ల హైలోనా?"

"పెద్ద గొంతువాణ్ణి మైక్‌కి దూరంగా నిలబెడతాం. చిన్న గొంతువాణ్ణి దగ్గరికి రమ్మంటాం. అందులో నామోషీ ఏంటయ్యా? నీ గిటార్‌కి గొంతెక్కువ, దీనికి తక్కువ. ఈ సీనియర్ రూలు పెట్టిందాన్ని నేనే. చెవులుండీ ఇన్నాళ్లూ వినలేదు. ఇవాళ్టితో తీసేస్తున్నా."

అందరి ముందూ అన్నారా మాట. ఒక పెద్ద మనిషి తన మాట తనే వెనక్కి తీసుకుని, ఏమీ కానట్టు పాట ఎత్తుకోవడం నేను అంతకుముందు ఇంట్లోనూ చూడలేదు, కాలేజీలోనూ చూడలేదు. ఆ రోజు ఆవిడ మీద నాకు కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు. వెళ్లబోతుంటే నన్ను ఆపి మరో ముక్క అన్నారు. "స్టేజీ మీద నీ జాక్ నువ్వే పెట్టుకోవాలి. నేనొచ్చి పెట్టను."

నిడదవోలులో పందిరి రైలు పట్టాలకి దగ్గర్లోనే వేశారు. సాయంత్రం స్టేజీ ఎక్కేసరికి శేఖర్ గారి జాక్ హైలో ఉంది. అలవాటో, పంతమో! టీచర్ గారు చూశారు. చూసి, హార్మోనియం మెట్లు చీర చెంగుతో తుడుస్తూ కూర్చున్నారు. కమిటీవాళ్లు "మొదలుపెట్టండి మేడమ్" అని తొందరపెడుతున్నా తుడుస్తూనే ఉన్నారు. ముందు వరసలో అమ్మ. నా జాక్ ఇంకా నా చేతిలోనే ఉంది. ఇప్పుడు ఊరుకుంటే ఇదే నా ఆఖరి ప్రోగ్రాం.

"శేఖర్ గారండీ," అన్నాను. పందిరి సందడిలో వినపడలేదు. మళ్లీ అన్నాను. "అది నాదండీ."

ఆయన నావైపు చూశారు. టీచర్ గారి వైపు చూశారు. ఆవిడ ఒక్క కనుబొమ్మ ఎత్తారు. "తీసుకోమ్మా" అని జాక్ లాగి లోలో పెట్టుకున్నారాయన. నేను హైలో గుచ్చాను. టప్!

రెండో పాట మధ్యలో నా వంతు వచ్చేసరికి ఒక గూడ్సు బండి కూత పెడుతూ పోతోంది. నా గిటార్ ఆ కూత మీదుగా వెళ్లింది, పందిరి చివర మరమరాల బండి దగ్గర నిలబడ్డవాళ్లు కూడా ఇటు తిరిగారు. శేఖర్ గారు అదే వరస తేటగా తిప్పి వాయించారు, నేను మళ్లీ అందుకున్నాను. జనం ఈలలు, వన్స్‌మోర్‌లు! ఆ గోలలో మా అమ్మ లేచి నిలబడి, "అది మా అమ్మాయండీ! వాయించేది మా బుజ్జేనండీ!" అని వెనక్కి తిరిగి ఊరందరికీ చెప్తోంది. దిగాక శేఖర్ గారు, "నా వాయింపు ఇంత బాగుంటుందని నాకే తెలీదమ్మా" అని నవ్వేశారు. టీచర్ గారు ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి నా చేతికిచ్చి, "వినపడిందిలే" అన్నారు. అంతే. ఆవిడ ఆర్కెస్ట్రా నడిపినన్నాళ్లూ నేను అందులోనే ఉన్నాను.

ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లలు "హైలో పెట్టాలా మేడమ్, లోలోనా?" అని అడుగుతారు. ముందు వాయించండి, విన్నాక చెప్తా అంటాను. అది టీచర్ గారి చెవి నాకిచ్చిన పాఠం. ఆవిడ మౌనం ఇచ్చింది ఇంకా పెద్దది. ఆ తర్వాత చాలా చోట్ల నాకు రావాల్సిన దాంట్లో ఇంకెవరి జాకో కనపడింది. ప్రతిసారీ అలాగే భయమేస్తుంది. ప్రతిసారీ అడుగుతాను. మర్యాదగా, అండీ పెట్టి మరీ, అది నాదండీ అంటాను. నేనడిగేదాకా పాట మొదలుపెట్టకుండా హార్మోనియం మెట్లు తుడుస్తూ ఒకావిడ కూర్చునే ఉన్నారు మరి.