కళ్లం ఖాళీ అయ్యాక

ఎనభైల్లో ఒక వేసవి. ఇంటి పక్క కళ్లంలో మిరపకాయలు ఆరబోసేనాటికే అమ్మ మమ్మల్ని మరిచిపోయింది. మొదట్లో నన్ను చూసి, "ఎవరమ్మా నువ్వు, అన్నం తిన్నావా?" అనేది. తరువాత ఆ మాటా పోయింది. ఒక్కటే మిగిలింది. ప్రార్థన చేసి ఎవరైనా "ఆమేన్" అంటే నోరు తెరిచేది. చెంచాతో పోసిన రాగిజావ ఇష్టంగా మింగేది.

కొన్నాళ్లకు జావ తాగుతూ దగ్గడం మొదలుపెట్టింది. అన్నయ్యా నేనూ టౌనుకు తీసుకెళ్లి బ్రాడీపేటలో డాక్టరుకు చూపించాం.

"మింగడం కూడా మర్చిపోతున్నారమ్మా. జావ ఊపిరితిత్తుల్లోకి పోతోంది. ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేయొచ్చు. పీకేసుకోకుండా చేతులు కట్టాలి. వేసినా పూర్తిగా ఆగుతుందని చెప్పలేను. మీరే ఆలోచించుకోండి," అన్నాడాయన.

ఇంటికొచ్చాక అన్నయ్య కళ్లం వైపు చెయ్యి చూపించాడు. "ఈ ఘాటుకి నువ్వు దగ్గట్లేదా? ఊరంతా దగ్గుతుంటే అమ్మ దగ్గే రోగమైందా? కాయలు మిర్చి యార్డుకి అమ్మకానికి పోనీ, అదే తగ్గుద్ది."

నిజమే, ఆ రోజుల్లో మా ఊళ్లో దగ్గని మనిషి లేడు. పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఆగి మరీ దగ్గేవారు. డాక్టరు చెప్పిందే నిజమేమోనని నాకు అనుమానం లేకపోలేదు. కానీ పిల్లి మెడలో గంట ఎవరు కడతారు? అమ్మ చేతులు మంచానికి కట్టమని నేను చెప్పాలా? చచ్చినా చెప్పలేను. అందుకే నేనూ మిరపకాయల్నే తిట్టాను. సాయంత్రమైతే అమ్మ ఒళ్లు వెచ్చబడేది, ఛాతీలో గురగుర వినిపించేది. అదీ ఘాటే అన్నాం. భయంతో అన్నాం.

చివరికి కాయలు బస్తాలకెత్తి లారీ ఎక్కించారు. కళ్లం ఊడ్చారు. పైన ఓ జల్లు కూడా పడి గాలి కడిగినట్టయింది. ఎవరికీ దగ్గు లేదు. అన్నయ్య హుషారుగా అమ్మను గోడకు ఆనించి కూర్చోబెట్టి, ప్రార్థన చేసి, "ఆమేన్" అన్నాడు. అమ్మ నోరు తెరిచింది. చెంచాడు పోశాడు.

దగ్గింది. మొహం కందిపోయేదాకా దగ్గింది. ఇంట్లో ఆ ఒక్క దగ్గే వినిపిస్తోంది.

అన్నయ్య గిన్నె కింద పెట్టేశాడు. "నువ్వే చెప్పమ్మాయ్, ఏం చేద్దాం?" అన్నాడు.

తిట్టడానికి కళ్లంలో ఒక్క కాయ లేదు. ఈలోపు దగ్గు తెరిపిచ్చింది. ఎవరూ ఆమేన్ అనకుండానే అమ్మ మళ్లీ నోరు తెరిచింది.