మీరావలి గడ్డివామి

అరవై మూడులో బుచ్చిరెడ్డిపాలెం నుంచి నడిచి వస్తుంటే, నెత్తిన సర్కారు ఎరువు మూటతో సమాధానం అనే రెండెకరాల రైతు నాకు ఎదురయ్యాడు. ఆ రోజుల్లో ఎవరి కలిమైనా గడ్డివామి ఎత్తును బట్టే చెప్పేవాళ్లు. ఇప్పుడా వాములూ లేవు, ఆ వాసనా లేదు. సమాధానమైతే నడుస్తూనే గడ్డం పైకెత్తి, పెదవులు కదుపుతూ ప్రతి వామినీ మూరల్లో కొలిచేవాడు.

“అంతంత వాములుండే వాళ్లకి సర్కారు ఎరువెందుకని మీటింగులో నేనే అడిగినాను అన్నా. ఆఫీసరు పక్క పాలెం మీరావలి పేరు కొట్టేసినాడు.”

“నీ మాట నెగ్గిందిగా, ఇంకేం?”

“నిన్న ఆయనింటికి గడ్డి అడగను పోయినా. కొట్టం ఖాళీ. ఎద్దులు చచ్చి ఏడాదైందంట. మేసే నోరు లేక పెరిగిందన్నా ఆ వామి.”

మూట సర్దుకుని, మీరావలి వాళ్ల పాలెం వైపు గట్టెక్కి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.