నిదానం గారు మూడోసారి వెళ్లిన ఇల్లు

ముప్పై ఏళ్లుగా వాషింగ్ మెషిన్లు బాగుచేస్తున్న ఆ మనిషి అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. పేటలో అందరికీ ఆయన నిదానం గారే. ఎవరింటికి వెళ్లినా ముందు ఓ కుర్చీ అడుగుతాడు. మెషినుకి ఎదురుగా కూర్చుని, అయిదు నిమిషాలు దాని వంకే చూస్తాడు. స్క్రూడ్రైవరు సంచిలోంచి బయటికొచ్చేది ఆ తర్వాతే. "మొక్కకి నీళ్లు పోసి పువ్వు కోసం కూర్చున్నట్టుంది బావా నీ పని" అని కొట్లో కలిసి పనిచేసే బావమరిది వెక్కిరిస్తూ ఉంటాడు. ఆయన నవ్వేసి ఊరుకుంటాడు. ఒక్క విషయంలోనే ఆయనకు పట్టింపు. ఒకే జబ్బుకి ఒకే ఇంటికి రెండోసారి వెళ్లడం ఆయనకు నామోషీ. మూడోసారి వెళ్లడమన్నది ఆయన ఎరగడు.

ఆ రోజు వెళ్తున్నది మూడోసారే.

ఆ ఇంటి మేడ మీద వాటాలోకి నెల కిందట ఓ చిన్న కుటుంబం దిగింది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ సైన్సు చదువుకున్నవాళ్లు, అయిదు నెలల పాప. వాళ్ల ఫ్రంట్‌లోడ్ మెషిను బట్టలు ఉతికినంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. పిండే వేళకి మాత్రం ఒంటికి కారం రాసినట్టు ఎగిరెగిరి పడి, గోడ దగ్గర బయల్దేరి గుమ్మం వైపు నడిచొస్తోంది. మొదటిసారి నిదానం గారు దాని నాలుగు కాళ్లూ సమంగా సరిచేశాడు. రెండోసారి దాని కింద పలకరాయి ఒకటి కదులుతూ కనబడితే సిమెంటు పెట్టి బిగించాడు. రెండుసార్లూ దొంగ దొరికాడనే అనుకున్నాడు.

నిన్న, కింద వాటాలో ఉండే ఓనరమ్మ నేరుగా కొట్టుకే వచ్చింది.

"నా నెత్తిమీద రోడ్డు రోలరు తిరుగుతోందయ్యా! రేపు సాయంత్రంలోగా అది నోరన్నా మూసుకోవాలి, నా ఇంట్లోంచన్నా కదలాలి."

"రేపటికి బాగవుద్దమ్మా. కాకపోతే నేనే దాన్ని మెట్లు దింపుతా" అనేశాడు నిదానం గారు. ఎంత మాటన్నాడో బావమరిది మొహం చూశాక గానీ ఆయనకు తెలియలేదు.

తలుపు తీసిన పాప తల్లి కళ్లు నిద్రలేక గుంటలు పడి ఉన్నాయి. బాల్కనీ తీగెల నిండా చేత్తో పిండి ఆరేసిన పాప గుడ్డలు.

"కొన్న డైపర్లు పాప ఒంటికి పడవు బాబాయ్ గారూ, వేస్తే దద్దుర్లే. రోజుకి పద్దెనిమిది గుడ్డలు. ఈ మెషిను పోతే నా పని అయిపోయినట్టే" అంటూ ఆమె ఓ కాగితం ఆయన చేతిలో పెట్టింది.

"ఏంటమ్మా ఇది, పరీక్ష పేపరా?"

"ఎన్ని బట్టలు వేస్తే ఎన్ని సెంటీమీటర్లు జరుగుతోందో రాశాను. స్కేలు పెట్టి కొలిచాను."

"తను అంతేనండీ" అన్నాడు భర్త, పాపను భుజాన వేసుకుని. "పాప ఆవలింతలు కూడా లెక్కపెడుతుంది."

"ఉన్న థర్మామీటరు నిజం చెప్తోందో లేదోనని ఇంకోటి కొన్నది ఎవరో?" అందామె.

నిదానం గారు కుర్చీలో కూర్చుని కాగితమంతా ఓపిగ్గా చదివాడు. నిండా బట్టలు వేస్తే పదకొండు. సగం వేస్తే పదకొండు. ఆఖరి వరస దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఖాళీగా తిప్పినా పదేనా?"

"అవునండీ. రెండుసార్లు చూశాను."

బట్టలు ఒకపక్కకి చేరి ఊగితే, బట్టల్లేనప్పుడు ఊగడం తగ్గాలి. ఆయన లేచి, మెషిను తలుపు తీసి, లోపలి డ్రమ్మును అరచేత్తో పైకి నెట్టాడు. స్ప్రింగుల మీద ఉయ్యాలలా ఊగాల్సిన డ్రమ్ము ఇసుమంతైనా కదల్లేదు. మెషినే కదిలింది. ఆయన దాన్ని గోడ నుంచి లాగి, వెనక్కి వెళ్లి టార్చి వేశాడు. చూసి అక్కడే నేలమీద చతికిలబడ్డాడు.

"అమ్మాయ్, ఇది కొని ఎన్నేళ్లన్నావు?"

"నాలుగు."

"లారీలో డ్రమ్ము ఊగకుండా కంపెనీ వాళ్లు వెనక నాలుగు బోల్టులు బిగించి పంపిస్తారు. ఇంట్లో దింపిన రోజే తీసేస్తాం. నాలుగేళ్ల మెషినుకి ఈ బోల్టులెక్కడివి?"

భర్త మొహం పాలిపోయింది. "నేనే బిగించాను. పాత బోల్టులు కవర్లో దాచిపెట్టాను. ఇల్లు మారేటప్పుడు మళ్లీ బిగించాలని పుస్తకంలో రాసుంది."

"దిగాక తీయమని రాయలేదా?" అంది భార్య.

"అది తర్వాతి పేజీలో ఉంది. ఆ రోజే కదా పాపకి జ్వరమొచ్చింది..."

నిదానం గారికి నవ్వు ఆగలేదు. "ముప్పై ఏళ్లలో వీటిని దాచినవాణ్ణే చూళ్లేదు. నువ్వు మళ్లీ బిగించావు కూడానా నాయనా!"

పది నిమిషాల్లో నాలుగు బోల్టులూ ఊడి వచ్చాయి. భర్త వాటిని కవర్లో వేసి, పైన తేదీ రాశాడు. మెషిన్లో గుడ్డలు పడ్డాయి. పిండే వేళ కాగానే పాప తల్లి అలవాటుగా రెండు చేతులతో మెషిన్ని అదిమిపట్టింది.

"చేతులు తీసెయ్యమ్మా."

ఆమె భయం భయంగా తీసింది. సన్నటి ఈల లాంటి మోత తప్ప ఇంకేం లేదు. నాలుగు కాళ్లూ ఉన్నచోటే ఉన్నాయి.

అంతలో ఓనరమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. "ఎప్పుడు మొదలుపెడతారయ్యా? ఇందాకణ్ణించి పైకి చూసి చూసి మెడ పట్టేసింది!"

"తిరుగుతోందమ్మా."

ఆమె నమ్మలేదు. వంగి అద్దంలోంచి చూసింది. "మరి ఇన్నాళ్లూ ఏం రోగం దీనికి?"

భర్త బోల్టుల కవరును వెనక్కి దాచాడు. నిదానం గారు ఆయన వైపు చూడకుండా చెప్పాడు. "రోగం నాదేనమ్మా. పాత మెషిను కదా అని వెనక్కి తొంగి చూడలేదు."

"నాది కూడానండీ" అన్నాడు భర్త.

"ఎవరిదైతేనేం, వదిలింది" అని ఓనరమ్మ పాపను ఎత్తుకుని కిందికి దిగింది.

పని అయిపోయినా నిదానం గారు కుర్చీ వదల్లేదు. ఇచ్చిన టీ తాగుతూ మెషిన్నే చూస్తున్నాడు.

"ఇంకేమైనా తేడా ఉందా బాబాయ్ గారూ?" అంది పాప తల్లి కంగారుగా.

"లేదమ్మా. పాడైతేనే పిలుస్తారు నన్ను. బాగా తిరుగుతుంటే చూడమని ఎవరూ పిలవరు కదా. ఆగిందాకా ఉండి పోతాను."